ఇంటి టీవీ సర్వర్‌కు ఎన్ని టీబీలు? అపోహలు – వాస్తవాలు

మేడ మీద డిష్, దాని కేబుల్ చివర ట్యూనర్ కార్డు, ఆ కార్డు బిగించిన చిన్న కంప్యూటర్. డీడీ ఫ్రీడిష్‌లో వచ్చే కార్యక్రమాలు దానిలో రికార్డవుతుంటాయి. వాటిని హాల్లో టీవీలోనో, పడకగదిలో ఫోన్‌లోనో తీరిక దొరికినప్పుడు చూసుకోవచ్చు. టీవీహెడ్‌ఎండ్, జెల్లీఫిన్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. డబ్బు పోసి కొనాల్సిందీ, కొనేటప్పుడు ఎక్కువమంది తప్పు చేసేదీ డిస్కు దగ్గరే. ఏడేళ్లుగా ఇంట్లో ఇలాంటి సర్వర్ నడుపుతున్నాను. తెలిసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్ని టీబీలది తీసుకోమంటారు?" ఆ ప్రశ్న వెనకాల ఉండే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: ఎంత పెద్ద డిస్కు కొంటే అంత నిశ్చింత.

వాస్తవం: ఏది ఎన్నాళ్లు ఉంచాలో తేల్చుకోకపోతే 4 టీబీ అయినా, 16 టీబీ అయినా నిండి తీరుతుంది. కొంచెం ముందూ వెనకా, అంతే తేడా. ముందు గంటకెంత పడుతుందో లెక్క కట్టండి. ప్రసారం ఎన్ని ఎంబీపీఎస్‌లో వస్తోందో చూసి దాన్ని 0.45తో హెచ్చవేస్తే గంటకు ఎన్ని జీబీలో తెలుస్తుంది. 4 ఎంబీపీఎస్‌లో వచ్చే ఎస్‌డీ ఛానల్‌కు 1.8 జీబీ. 8 ఎంబీపీఎస్ హెచ్‌డీకి 3.6 జీబీ. అమెరికాలో యాంటెన్నా పెట్టుకుని స్థానిక ఛానళ్లు పట్టుకునే మనవాళ్లకు లెక్క ఇంకా పెరుగుతుంది. అక్కడి పాత ఏటీఎస్‌సీ ప్రసారం 19.39 ఎంబీపీఎస్ దాకా ఉంటుంది కాబట్టి గంటకు 8.7 జీబీ వరకూ పోవచ్చు.

ఇప్పుడు ఇంటి అలవాటు కలపండి. రోజుకు 4 గంటలు ఎస్‌డీ రికార్డు చేస్తే 7.2 జీబీ. ఒక్కటీ చెరపకపోయినా 4 టీబీ నిండడానికి ఏడాదిన్నర పడుతుంది. వార్తలు మర్నాటికి, సీరియల్ వారానికి, సినిమా చూసిన నెలకు పోయేలా నియమం పెట్టుకుంటే అదే ఇంటికి 1 టీబీ కూడా ధారాళంగా సరిపోతుంది. టీవీహెడ్‌ఎండ్‌లో ఫైలు ఎన్ని రోజులు ఉంచాలో చెప్పే సెట్టింగు ఉంది, డిస్కు కొనకముందే దాన్ని ఆలోచించుకోవాలి. కార్యక్రమాలు చెప్పిన వేళకు మొదలుకావు కాబట్టి ముందు రెండు నిమిషాలు, వెనక పది పదిహేను నిమిషాలు అదనంగా రికార్డు పెడతాం కదా, లెక్కలో దాన్నీ మరవకండి.

అపోహ: 4 టీబీ అని అమ్మి 3.63 ఇచ్చారు, మోసం.

వాస్తవం: మోసం లేదు. కంపెనీ 1000 చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. బైట్లు రెండిట్లోనూ అవే. నిజంగా చోటు తినేది ఇంకోటుంది, దాన్ని ఎవరూ చూడరు. లినక్స్‌లో ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేస్తే మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెట్టేస్తుంది. 4 టీబీ డిస్కులో అది 200 జీబీ! రికార్డింగులు తప్ప ఇంకేమీ లేని డిస్కుకు అంత అక్కర్లేదు. ట్యూన్2ఎఫ్ఎస్ ఆదేశంతో ఒక శాతానికి తగ్గించుకోవచ్చు. సిస్టం ఉన్న భాగంలో మాత్రం రికార్డింగులు పెట్టకండి. అది నిండిన రోజున రికార్డింగుతోపాటు సర్వర్ కూడా ఆగుతుంది.

అపోహ: రెండు డిస్కులు రెయిడ్‌లో పెట్టాను, నాకు బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: నేనూ ఇలాగే అనుకున్నాను. మా పెదనాన్నగారు హరిదాసు. ఆయన పోయాక, ఎప్పుడో దూరదర్శన్‌లో చెప్పిన అరగంట హరికథ ఒకరోజు మధ్యాహ్నం పునఃప్రసారమైంది. అదృష్టవశాత్తూ రికార్డయింది. పెద్దమ్మ వచ్చి చూసి, "మళ్లీ పెట్టరా నాన్నా" అని రెండుసార్లు పెట్టించుకుంది. సర్వర్లో రెండు డిస్కులు రెయిడ్ 1లో ఉన్నాయి, ఒకదానిలో ఉన్నది రెండోదానిలోనూ ఉంటుందన్న ధీమాతో ఊరుకున్నాను. 30 రోజులు దాటినవి తీసేయమని నేనే పెట్టిన నియమం ఉందని గుర్తు రాలేదు. ముప్పై ఒకటో రోజున ఆ ఫైలు రెండు డిస్కుల్లోంచీ ఒక్క క్షణంలో పోయింది. డిస్కులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. రెయిడ్ తన పని తాను సరిగ్గానే చేసింది, ఒకదానిలో జరిగింది రెండోదానిలోనూ జరిపించింది.

1988లో కాలిఫోర్నియా బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ మీద పత్రం రాసినప్పటి నుంచీ రక్షణ విషయంలో దాని పని ఒకటే: ఒక డిస్కు చెడినా మిగతా వాటితో వ్యవస్థ ఆగకుండా నడవడం. పొరపాటున చెరిపినదాన్నీ, వైరస్ పాడుచేసినదాన్నీ, పిడుగుపాటుకు రెండు డిస్కులూ కలిసి కాలిపోతే పోయినదాన్నీ అది తెచ్చివ్వలేదు. బ్యాకప్ అంటే వేరే డిస్కులో, సర్వర్ నుంచి ఊడదీసి, వీలైతే వేరే ఇంట్లో పెట్టిన నకలు. రోజూ వచ్చే సీరియళ్లకు అది అక్కర్లేదు, రెయిడ్ కూడా అక్కర్లేదు. పోతే మళ్లీ దొరకనివి ఏవో వేరుచేసి వాటికి మాత్రం నకలు తీయండి. చాలా ఇళ్లలో అవన్నీ కలిపినా ఒక 256 జీబీ పెన్‌డ్రైవ్ దాటవు.

అపోహ: ఒకేసారి నాలుగైదు రికార్డు చేయాలంటే ఎస్ఎస్‌డీ ఉండాల్సిందే.

వాస్తవం: 8 ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఒక్క ఎంబీ. అలాంటివి ఆరు కలిపినా ఆరు ఎంబీలు. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకు నూరు ఎంబీలకు పైగా రాయగలదు. ట్యూనర్ ఒకటే ఉన్నా పరవాలేదు, ఒకే ట్రాన్స్‌పాండర్ మీద వచ్చే ఛానళ్లను టీవీహెడ్‌ఎండ్ ఒక్క ట్యూనర్‌తోనే కలిపి రికార్డు చేస్తుంది. సిస్టం, ఛానళ్ల వివరాలు, పోస్టర్ బొమ్మలు మాత్రం చిన్న ఎస్ఎస్‌డీలో ఉంటే రిమోట్ నొక్కగానే జాబితా తెరుచుకుంటుంది. రికార్డింగ్ వల్ల ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయమూ అతిగానే ఉంది. రోజంతా ఒక హెచ్‌డీ ఛానల్ రాసినా 86 జీబీ చిల్లర, ఏడాదికి 31 టీబీల పైచిలుకు. మంచి రకం 500 జీబీ ఎస్ఎస్‌డీకి 300 టీబీల రాతకు హామీ ఇస్తున్నారు.

అపోహ: హార్డ్ డిస్కులన్నీ ఒకటే, చవగ్గా దొరికింది తీసుకోవడమే.

వాస్తవం: పెంకుటింటి కప్పు చూశారుగా, ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు ఉంటుంది. మధ్యలో ఒకటి మార్చాలంటే పైవాటిని కదపాలి. ఎస్ఎంఆర్ అనే రకం డిస్కుల్లో రాత వరుసలు అచ్చం అలాగే ఉంటాయి. కొత్తగా ఉన్నప్పుడు బాగానే నడుస్తాయి. నిండాక, చెరుపుతూ రాస్తూ ఉంటే నత్తనడకన పడతాయి. టీవీ సర్వర్ చేసేదే చెరపడం, రాయడం. కాబట్టి వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కని సీఎంఆర్ రకమే తీసుకోండి. 2020లో నాస్ (నెట్‌వర్క్ నిల్వ పెట్టె) కోసమని అమ్మిన కొన్ని డిస్కులూ ఎస్ఎంఆర్ రకమేనని బయటపడ్డాక, ఏ మోడల్ ఏ రకమో కంపెనీలే జాబితాలు ప్రకటించాయి. మోడల్ నంబరు చూసుకుని కొనండి. సీసీటీవీ కోసం చేసిన డిస్కులు రాత్రింబవళ్లు రాయడానికే తయారైనవి కాబట్టి ఈ పనికి బాగా పనికొస్తాయి. డిస్కు ఇంటికి రాగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రాంలో అది ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్తదని ఇచ్చిన దానిలో వేల గంటలు కనిపిస్తే వెంటనే వెనక్కి పంపండి.

అపోహ: పాత డిస్కులు నాలుగున్నాయి, వాటినే కలిపితే ఖర్చు మిగులుతుంది.

వాస్తవం: ఒక్కో డిస్కు 6 వాట్ల చొప్పున నాలుగు డిస్కులు ఏడాదంతా తిరిగితే 210 యూనిట్లు. ఒక్క కొత్త డిస్కుకు 53. మిగిలే యూనిట్లను మీ కరెంటు బిల్లు శ్లాబు రేటుతో గుణించి చూడండి. పైగా నాలుగూ ముసలివే.

అపోహ: పెన్‌డ్రైవ్ గుచ్చితే రికార్డింగుకు చాలు.

వాస్తవం: అది ఏ ఫార్మాట్‌లో ఉందో చూడండి. ఎఫ్ఏటీ32 అయితే ఒక ఫైలు 4 జీబీ (1024 లెక్కలో) దాటలేదు. గంటకు 1.8 జీబీ చొప్పున అది 2 గంటల 23 నిమిషాలు. అమ్మ కోసం నేను 'మాయాబజార్' రికార్డు పెట్టింది మొదట అలాంటి పెన్‌డ్రైవ్‌లోనే. మూడు గంటల సినిమా, మధ్యలో ప్రకటనలు. మాయాశశిరేఖ పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే ఘట్టం రాకముందే ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని డిష్ తిప్పుతూ ఒక ఆదివారమంతా మేడ మీద గడిపాను. ఈఎక్స్‌టీ4 గానీ, ఎన్‌టీఎఫ్ఎస్ గానీ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

అపోహ: డీటీహెచ్ బాక్సులో రికార్డు చేసినవి సర్వర్లోకి ఎక్కించుకోవచ్చు.

వాస్తవం: డబ్బు కట్టి చూసే డీటీహెచ్‌లో బాక్సు రాసే ఫైళ్లు సాధారణంగా ఆ బాక్సుకే కట్టుబడి తాళం వేసి ఉంటాయి. కంప్యూటర్లో తెరుచుకోవు. వాటి కోసమని డిస్కు చోటు లెక్కేయకండి. తాళం లేని ప్రసారాల సంగతి వేరు. సొంత వాడకం కోసం రికార్డు చేసుకోవడం ప్రసార సంస్థ హక్కులకు భంగం కాదని మన కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. పదిమందికి పంచడానికి అది వర్తించదు.

అపోహ: అన్నిటినీ హెచ్.265లోకి మారిస్తే సగం చోటు మిగులుతుంది.

వాస్తవం: చోటు మిగలడం నిజమే. అయితే ప్రసారం మన ఇంటికి వచ్చేసరికే ఒకసారి కుదించి ఉంటుంది. దాన్ని మళ్లీ కుదిస్తే జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు బొమ్మ అలుక్కుపోతుంది, కంప్యూటర్ గంటల తరబడి వేడెక్కుతుంది. వారంలో చెరిపేసేవాటికి ఆ శ్రమ దండగ. కలకాలం దాచుకునేవాటిని అసలు రూపంలోనే ఉంచడం మేలు. నేనైతే ఇక మార్చను.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఇన్వర్టర్ ఉందిగా అని ఊరుకోకండి. మామూలు మోడ్‌లో అది అందుకునేలోపు కంప్యూటర్ ఆగి, రాస్తున్న ఫైలు చెడిపోవచ్చు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ మీట ఉంటే అటు తిప్పండి, లేకపోతే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి. సర్వర్‌ను టీవీ కింద మూసి ఉన్న అరలో పెట్టొద్దు. మన ఎండల్లో డిస్కుకు గాలి ఆడాలి.

డిస్కు కొనడానికి వెళ్లేముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: గంటకు ఎన్ని జీబీ, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని రోజులు ఉంచాలి. ఈ మూడింటినీ గుణించి వచ్చినదానికి పావు వంతు కలిపి కొనండి. ఇప్పటికే సర్వర్ నడుపుతున్నవారైతే ఈ రాత్రి పడుకునేముందు అందులో మళ్లీ దొరకనిది ఏదైనా ఉందేమో చూసి, వేరే డిస్కులోకి నకలు తీయండి. పెదనాన్నగారి హరికథ ఆ తర్వాత మళ్లీ ప్రసారం కాలేదు.