నురగ కింద నేల

బట్టలుతికిన నీళ్లు దొడ్లోకి వదిలేస్తాం. ఆ తర్వాత మట్టిలో ఏం జరుగుతుంది?

శనివారం వస్తే ఆత్రేయపురం మండలం వాడపల్లి కిటకిటలాడుతుంది. ఏడు శనివారాల మొక్కుతో వెంకన్న దర్శనానికి వచ్చే జనంతో గౌతమీ గోదావరి గట్టు నిండిపోతుంది. కోనసీమ తిరుమలగా పేరున్న ఈ ఊరికి అన్నం పెట్టేది మాత్రం గోదారి తెచ్చిన ఒండ్రు మట్టే. ఆ మట్టికి రోజూ మనం తాగిస్తున్నది సబ్బు నీళ్లు. కోనసీమ పెరళ్లలో ఉతికిన నీళ్లు కొబ్బరి మొదట్లోకో, అరటి పాదులోకో, ఇంకుడుగుంతలోకో పోతుంటాయి.

తడి పాకే దారి

పైమట్టి ఎండినా వేళ్లకు తడి అందుతుందంటే, రేణువుల మధ్య సన్నని సందుల్లో నీరు పైకి పాకడం వల్లే. తలతన్యత ఆ పని చేయిస్తుంది. డిటర్జెంట్ అణువులో ఒక కొస నీటిని, రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. మురికి వదిలేది ఇందుకే. డిటర్జెంట్ బాగా కలిసిన నీటిలో తలతన్యత సగానికి పడిపోతుంది. అలాంటి నీరు అంత ఎత్తుకు పాకలేదు. ఆ అణువులు ఏళ్ల తరబడి రేణువులకు అంటుకుంటూ పోతే, ఎండిన మట్టి నీటిని తనలోకి రానివ్వదు. ఇంట్లో వాడి వదిలిన నీటితో తడిపిన నేలల్లో ఈ ముప్పు ఉందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2006లో చెప్పారు.

సోడా తెచ్చే చౌడు

అంతకన్నా పెద్ద చిక్కు సోడియం. సబ్బు పొడిలో సోడియం కార్బొనేట్ (సోడా), సల్ఫేట్, సిలికేట్ ఉంటాయి. బంకమట్టి రేణువులను గుత్తులుగా పట్టి ఉంచేది కాల్షియం. దాని స్థానంలోకి సోడియం చేరితే గుత్తులు విడిపోతాయి, సందులు పూడిపోతాయి, నీరు ఇంకక పైనే నిలుస్తుంది. లవణాలు లేని వాన నీరు పడ్డప్పుడు ఈ నష్టం ఇంకా పెరుగుతుంది. రైతులు చౌడు అనేది ఇలాంటి నేలనే. సబ్బులు లేని రోజుల్లో చాకిరేవుల్లో చౌడుమట్టితోనే బట్టలు ఉతికేవారు. అందులో ఉన్నదీ సోడానే. ఆనాడు పనికిరాని నేల నుంచి తీసి వాడిన సోడాను ఇప్పుడు మంచి నేలలో పోస్తున్నాం.

ఇసుకపాలు ఎక్కువైన లంక నేలలో నీళ్లు నిలవవు, రసాయనాలు త్వరగా భూగర్భ జలం దాకా దిగుతాయి. నల్లరేగడిలో సందులే మూసుకుపోతాయి. డిటర్జెంట్ల వల్ల నదులు నురగలు కక్కడంతో 1960ల్లో జర్మనీ, అమెరికా వాటిలో తేలిగ్గా కుళ్లే రసాయనాలకు మారాయి. అయితే వాటిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టాలంటే గాలి కావాలి. ఎప్పుడూ నీరు నిలిచే నేలలో ఆ గాలి అందదు.

మనం చేయగలిగింది

పొడి తగ్గించి వాడండి. ద్రవ డిటర్జెంట్లలో సాధారణంగా సోడియం తక్కువ. మొదటి ఉతుకు నీళ్లు చెట్లకు పోయకండి, జాడించిన నీళ్లే పోయండి. అవి కూడా ఒకే పాదుకు కాకుండా మార్చి మార్చి పోయండి, మధ్యలో కాలవ నీళ్లు పెట్టండి. ఎండిన మట్టిపై నీటిచుక్క వేసి చూడండి. అయిదు సెకన్లు దాటినా ఇంకకపోతే నేల నీటిని వికర్షిస్తున్నట్టే. చౌడు అనుమానముంటే మట్టి పరీక్ష చేయించి, సలహా మేరకు జిప్సం వేయండి. స్నానానికి గోదారిలో దిగే భక్తులు సబ్బు, షాంపూలు గట్టు మీదే వదిలేయండి.

పాడైన నేలను బాగుచేయడానికి ఏళ్లు పడుతుంది. పాడవకుండా కాపాడుకోవడానికి మనింటి తూము దగ్గర కాస్త జాగ్రత్త చాలు.