చుయ్‌మంటే ఆపేయండి

మీకు తెలుసా? తలస్నానం చేశాక చెమ్మ పూర్తిగా ఆరకముందే స్ట్రెయిట్‌నర్ పెడితే చుయ్‌మని వచ్చే ఆవిరి, జుట్టు పైన ఉన్న నీటిది మాత్రమే కాదు. వెంట్రుక లోపలికి ఇంకిన నీరు కూడా ఒక్కసారిగా మరుగుతుంది. బయటికి దారి దొరక్క లోపలే బుడగలుగా ఉబ్బుతుంది. మైక్రోస్కోపులో చూస్తే వెంట్రుకలో వరసగా ఖాళీ గదులు కనిపిస్తాయి. చర్మవైద్యులు 1986లో దీనికి పెట్టిన పేరు ‘బబుల్ హెయిర్’. బుడగ ఉన్నచోట వెంట్రుక పుటుక్కున తెగుతుంది. మందు లేదు, ఆ మేరకు కత్తిరించుకోవడమే. పాతబడి మితిమీరి వేడెక్కే డ్రయ్యర్ వల్ల కూడా ఇలా జరుగుతుంది.

జుట్టుకు ఆధారమైన కెరటిన్ అనే ప్రొటీన్, పొడిగా ఉన్నప్పుడు 200 డిగ్రీలు దాటేదాకా తన అల్లికను నిలుపుకుంటుంది. అదే తడిసి ఉంటే 150 లోపే చెదిరిపోతుంది. పొడి జుట్టును 200 కన్నా తక్కువ వేడి ఏమీ చేయదని కాదు, నష్టం నెమ్మదిగా పోగవుతుంది. మన స్ట్రెయిట్‌నర్లలో చాలావాటికి 230 దాకా మీట ఉంటుంది. ఉంది కదా అని అక్కడిదాకా తిప్పేవాళ్లూ ఉన్నారు! వేడి నుంచి కాపాడే స్ప్రేలు ఆ దెబ్బను కొంత తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు. పైగా స్ప్రే కొట్టిన మరుక్షణమే ఐరన్ చేస్తే, అందులోని నీరూ మరుగుతుంది.

విశాఖలో పార్లర్ నుంచి బయటపడ్డ జుట్టు, బీచ్ రోడ్డుకు చేరేసరికి మళ్లీ వంకర తిరుగుతుందెందుకు? స్ట్రెయిట్‌నర్ మార్చేది వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలను. అవి వేడికి విడిపోయి, చల్లారేటప్పుడు కొత్త ఆకారంలో ముడిపడతాయి. గాలిలో తేమ తగిలితే చాలు, మళ్లీ విడిపోతాయి. పార్లర్ అమ్మాయి తప్పేమీ లేదన్నమాట. ఉక్కపోత రోజున రెండోసారి ఐరన్ చేసినా నిలిచేది కాసేపే, జుట్టుకు తగిలే దెబ్బ మాత్రం రెట్టింపు. అలాంటి రోజున జడ వేసుకోవడమే తెలివి.

డ్రయ్యర్ మీద మాత్రం మనకు అక్కర్లేని భయం ఉంది. కొరియా పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వేడి పెరిగేకొద్దీ వెంట్రుక పై పొర దెబ్బతింది. అంతవరకూ ఊహించిందే. కానీ లోపలి కణాలను అతికిపెట్టే పొర ఉబ్బింది గాలికి వదిలేసి ఆరబెట్టిన జుట్టులోనే! ఎక్కువసేపు తడిసి ఉండటమే అందుకు కారణం కావచ్చన్నారు. డ్రయ్యర్‌ను 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒకేచోట ఆపకుండా కదుపుతుంటే నష్టం తక్కువని తేల్చారు. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని రోజూ డ్రయ్యర్ వాడమని కాదు. ఒత్తు జుట్టువాళ్లు ఆఫీసు హడావిడిలో తడి జుట్టునే ముడేసుకునే బదులు ఇలా ఆరబెట్టుకోవడం మేలు.

జుట్టు నెలకు పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు. నడుము దాకా ఉన్న జడ కొసకు అయిదారేళ్ల వయసుంటుంది. కుదుళ్ల దగ్గరిది నిన్నమొన్న వచ్చిన జుట్టు, కొసలది ఇన్నేళ్లుగా చేసిన ప్రతి ఐరన్‌నూ భరించిన జుట్టు. ఐరన్ చేయక తప్పని రోజున మీట తగ్గించి, కొసల మీద ఒక్కసారే పోనివ్వండి.