రంది పట్టిన ఇంటికి వెళ్లినప్పుడు

2023 జూలై 27 తెల్లవారుజామున మొరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మొరంచపల్లి ఊరంతా మునిగిపోయింది. ఆ జిల్లాలోని చిట్యాలలో ఒక్క రోజులోనే 60 సెంటీమీటర్లు దాటి వాన కురిసింది. జనం పిల్లలను, ముసలివారిని ఎత్తుకొని డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చేదాకా తడుస్తూ అక్కడే ఉన్నారు. నలుగురు కొట్టుకుపోయారు. మరుసటి ఏడు 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా వంతు వచ్చింది. కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య కంకర కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. రైల్వే కూలీలు రాత్రింబగళ్లు పనిచేసి మూడు నాలుగు రోజుల్లో బండ్లు నడిచేలా చేశారు.

పట్టాలు అంత త్వరగా నిలబడ్డాయి గాని, మనుష్యుల సంగతి వేరు. నీళ్లు దిగిపోయి, బియ్యం సంచులు పంచడం అయిపోయి, వచ్చినవారంతా వెళ్లిపోయాక అసలు కష్టం మొదలవుతుంది. దానికి మన వైపు ఒక మాట ఉంది. "రంది పెట్టుకున్నడు" అంటాం. అది కేవలం దుఃఖం కాదు. అన్నం సహించదు, నిద్ర రాదు, చేను వైపు కాళ్లు కదలవు, "ఏం జేసినా గింతే" అనే మాట తప్ప వేరే మాట నోట రాదు.

ఆ చివరి మాట మీద శాస్త్రజ్ఞులు చాలా కాలం పనిచేశారు. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మైయర్ అనే ఇద్దరు యువకులు కుక్కలపై ఒక పరీక్ష చేశారు. కొన్ని కుక్కలకు, ఏం చేసినా ఆపుకోలేని విధంగా కరెంటు దెబ్బలు తగిలేలా పెట్టారు. (మాకైతే ఈ పరీక్ష చదువుతుంటేనే మనసు కష్టపడింది.) తర్వాత వాటిని, చిన్న అడ్డు దాటితే తప్పించుకోగలిగే చోట ఉంచితే, వాటిలో ఎక్కువ భాగం దాటే ప్రయత్నమే చేయక మూలుగుతూ పడుకున్నాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పుడు అన్నారు. సెలిగ్‌మన్ 1998లో అమెరికా మనోవైజ్ఞానికుల సంఘానికి అధ్యక్షుడై, మనసుకు వచ్చే జబ్బులనే కాక మనసుకు ఉన్న బలాన్ని కూడా చదవాలని చెప్పాడు. సకారాత్మక మనోవిజ్ఞానం అని ఇప్పుడు పేరుపడిన శాఖ అలా బలపడింది.

అయితే మాకు ఎక్కువ నచ్చింది ఆ తర్వాతి సంగతి. మెదడును గూర్చి తెలిసిన కొత్త విషయాలను చూసి, 2016లో ఆ ఇద్దరే తమ పాత మాట తలకిందులైందని ఒప్పుకున్నారు. ఎడతెగని బాధలో చతికిలబడడం మెదడుకు సహజమేనట. నేర్చుకోవలసింది రెండోది, అంటే "నా చేతిలో కొంతైనా ఉంది" అన్నది. కాబట్టి రంది పట్టినవాణ్ణి పిరికివాడనీ, విశ్వాసం లేనివాడనీ అనడానికి ఎవరికీ హక్కు లేదు.

ఈ తప్పు మేము చేశాం. 1997–98లో లద్దెపురుగు పడి, అకాల వానలు కొట్టి, అప్పటి వరంగల్ జిల్లాలో పత్తి చేలు నాశనమైన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. విత్తనం, పురుగుమందు, అప్పు మూడూ ఒకే షాపులో తెచ్చుకున్న రైతులు ఎందరో. ఆ ఒక్క జిల్లాలోనే వందమందికి పైగా ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి ఒక ఇంటికి మేము వెళ్లి, ఆ ఇల్లాలితో "ధైర్యంగా ఉండమ్మా, అంతా మేలుకే" అని చెప్పి, ప్రార్థన చేసి, టీ తాగి వచ్చేశాం. చాలా ఏళ్ల తర్వాత ఆమె మాతో, "మీరు మంచిగనే చెప్పిన్రు గని అయ్యా, నాకు యాదికున్నది మా ఎనుకింటి వదినె. పదిహేను రోజులు మా బర్రెకు గడ్డి ఏసి పాలు పిండింది. ఒక్క మాట మాట్లాడలే" అన్నది. మాకు సిగ్గయింది.

ఏలీయా బదరీవృక్షం కింద పడుకొని చావును కోరుకున్నప్పుడు, ముందు అతనికి దొరికింది ఉపదేశం కాదు, రొట్టె, నీళ్లు, నిద్ర. అదీ రెండుసార్లు. ఈ అధ్యాయాన్ని ఎన్నోసార్లు చదివి కూడా ఆ వరుసను మేము గమనించలేదు.

"నా చేతిలో కొంతైనా ఉంది" అనేది ఒక ఊరు ఊరంతా నేర్చుకున్న చోటు మనకు దగ్గరలోనే ఉంది. జనగామ జిల్లా లింగాలఘణపురం మండలంలో ఏనబావి అని యాభై ఇళ్ల పల్లె. అక్కడా ఒకప్పుడు గొంగళిపురుగు పంటను తినేసేది, మందుల అప్పు మనుష్యులను తినేసేది. వారు మొదట చేసినది చాలా చిన్న పని. చేనుగట్ల మీద మంటలు వేసి, దీపపు ఎరలు పెట్టి, పురుగు ఇంకా రెక్కల దశలో ఉన్నప్పుడే చంపారు. ఒక్కడు చేస్తే లాభం లేదు, పక్క చేనులో పురుగు మళ్లీ వస్తుంది గనుక అందరూ కలిసి చేశారు. పొద్దున చూస్తే పురుగులు కుప్పగా పడి ఉండేవి. ఫలితం కంటికి కనబడింది. తర్వాత వేపగింజల కషాయం, పంచగవ్యం, చేలో పక్షులు వాలడానికి కర్రలు, ఎర పంటలుగా ఆముదం, బంతి వచ్చాయి. ఒక్కొక్కటీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టింది. 2006 నాటికి ఊరంతా, దాదాపు 280 ఎకరాల్లో, రసాయనిక మందులు, ఎరువులు వాడం అని ప్రకటించారు. స్వచ్ఛంద సంస్థలవారు తోడున్నారు, కాని తీర్మానం ఊరివారిది.

అందరూ ఏనబావిలా చేయాలని మేము అనడం లేదు. కౌలు రైతుకు, వడ్డీ కడుతున్నవానికి "మంచిగా ఆలోచించు" అంటే అప్పు తీరదు. ఈ కొత్త మనోవిజ్ఞానం పేరుతో అమ్ముడుపోయే పుస్తకాల్లో కొన్ని ఆ పాపం చేస్తున్నాయి కూడా. బాధ్యత అంతా బాధపడేవాని నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంటాయి.

హవాయి దీవుల్లో కవాయి అనే దీవి ఉంది. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే విదుషీమణి, ఆమె తోటివారు నలభై ఏళ్ల వయసు వరకు గమనించారు. బీదరికం, తాగుబోతు తండ్రి, ఇంట్లో కొట్లాటలు ఉన్నా, అలాంటి పిల్లల్లో మూడోవంతు మంచి పెద్దలుగా ఎదిగారు. వారి జీవితాల్లో మాటిమాటికి కనబడింది ఒక మనిషి. అమ్మమ్మ, మేనత్త, పంతులమ్మ, పొరుగావిడ, ఎవరైనా కావచ్చు. ఆ బిడ్డ మీద నమ్మకం ఉంచిన ఒక్కరు. మన సండే స్కూలు ఉపాధ్యాయులు ఈ మాట గుర్తుంచుకోవాలని మా మనవి.

ఇంకొక సంగతి కొంచెం కఠినమైనది, అయినా చెప్పక తప్పదు. శ్రీలంకలో 1995 నుండి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించగా, ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఆ ఘడియ దాటితే చాలామంది బ్రతుకుతారన్నమాట. పురుగుమందు డబ్బాను ఇంట్లో ఉంచకండి. ఉంచక తప్పకపోతే పెట్టెలో పెట్టి, తాళంచెవి వేరొకరి చేతికివ్వండి. మనిషి మరీ ముడుచుకుపోతే, బ్రతకాలని లేదన్నట్లు మాట్లాడితే, ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద రాత్రి పగలు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే డాక్టరు 2006లో ఒక ఉపాయం చేశాడు. మానసిక వైద్యులు లేని చోట, అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవారి మాట వినడం, ముందు ఏ ఒక్క సమస్యను పట్టుకోవాలో వారితోనే ఎంచుకొనేలా చేయడం వారి పని. అక్కడివారు ఈ జబ్బును తమ భాషలో "మరీ ఎక్కువ ఆలోచించడం" అంటారట. అచ్చం మన రంది. అవ్వల దగ్గరికి వచ్చినవారికి మేలు కలిగిందని 2016లో పరీక్ష చేసి తేల్చారు.

ఈ సంగతి మా సంఘపు స్త్రీల మైత్రిలో చెప్పినప్పుడు ఒక అవ్వ లేచి, "గిదేం కొత్త? మేము అర్రుగు మీద కూసొని గిదే జేసేటోళ్లం. గిప్పుడు ఇండ్లకు అర్రుగులే లేవాయె" అన్నది. అందరూ నవ్వారు. ఆమె కోడలు మాత్రం నవ్వకుండా, గుడి ఆవరణలో వేపచెట్టు కింద సిమెంటు బల్ల కట్టడానికి అక్కడికక్కడే చందా రాయడం మొదలుపెట్టింది. సిమెంటు వచ్చింది. ఇసుక ఇంకా రావలసి ఉంది.