హకీం అజ్మల్ ఖాన్ పేరు మోస్తున్న స్ఫటికం

సర్పగంధ వేరు మన దేశంలో తరతరాలుగా వాడుకలో ఉన్నదే. పాము కాటుకు, నిద్రలేమికి, మతిచలనానికి దాన్ని ఇచ్చేవారు. యునానీ హకీములు అస్రోల్ అంటారు. ఉత్తరాది పల్లెల్లో దాని పేరే ‘పాగల్ కీ దవా’. బీపీకి ‘ఏ హానీ లేని వేరు పొడి’ అంటూ కొందరు ఇప్పటికీ దీన్ని ఇంట్లో వాడుతుంటారు. హాని లేదన్న మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే ఆ వేరు లోపల ఏముందో చూడాలి.

మొదట చూడాలనుకున్న పెద్దమనిషి హకీం అజ్మల్ ఖాన్. ఢిల్లీలో ఆయన నెలకొల్పిన ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలను 1921లో గాంధీజీ ప్రారంభించారు. పాత మందులను కొత్త రసాయనశాస్త్రంతో పరీక్షించాలని ఆయన కోరిక. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుకున్న సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ పనికి పూనుకున్నారు. హకీం సాహెబ్ 1927 డిసెంబరులో కన్నుమూశారు. సిద్దీఖీ 1931లో రఫత్ హుసేన్ సిద్దీఖీతో కలిసి ఆ వేరు నుంచి అయిదు ఆల్కలాయిడ్లను వేరుచేశారు. కొన్ని తెల్లని స్ఫటికాలు, కొన్ని పసుపుపచ్చనివి. తెల్లవాటిలో ఒకదానికి అజ్మలిన్ అని పేరు పెట్టారు. గురుస్థానంలో ఉన్న మనిషికి ఇంతకంటె చక్కని స్మారకం నాకైతే తోచదు.

ఆల్కలాయిడ్ అంటే మొక్కలో తయారయ్యే, నత్రజని గల క్షారపదార్థం. మాత్రగా ప్రపంచమంతా వాడిన రెసర్పిన్ కూడా ఈ వేరులోదే. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుందని ఒక బ్రిటిష్ పత్రికలో రాశాక విదేశాల దృష్టి ఇటు మళ్ళింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ రసాయనవేత్తలు రెసర్పిన్‌ను వేరుచేశారు.

మందు దొరికింది, దాని రూపం చూడాలి. కలకండలో చక్కెర అణువులు వరుసలు తీరి ఉన్నట్టే, ఏ స్ఫటికంలోనైనా అణువులు ఒకే అమరికలో మళ్ళీ మళ్ళీ పేర్చి ఉంటాయి. దాని మీద ఎక్స్‌రే పంపితే కిరణాలు చెదిరి ఫిల్ము మీద చుక్కలుగా పడతాయి. ఆ చుక్కల నుంచి లెక్కగట్టి ఏ పరమాణువు ఎక్కడుందో చెప్పాలి. చిక్కు ఎక్కడంటే, చుక్క ఎంత గాఢంగా ఉందో కొలవవచ్చు గాని, ఆ అల ఏ దశలో వచ్చి చేరిందో ఫిల్ము చెప్పదు. సగం సమాచారం దారిలోనే పోయిందన్నమాట. అందుకని పూర్వం అయొడిన్ లాంటి బరువైన పరమాణువును అణువుకు తగిలించి, దాన్ని ఆనవాలుగా పట్టుకుని మిగతావాటిని వెతికేవారు.

రెసర్పిన్‌లో అలాంటి బరువైనదేదీ లేదు. 33 కార్బన్లు, 2 నత్రజనులు, 9 ఆక్సిజన్లు, వాటి చుట్టూ 40 హైడ్రోజన్లు. అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో పనిచేసిన ఇసబెల్లా కార్ల్, జెరోం కార్ల్ దంపతులు బరువైన పరమాణువు ఆసరా లేకుండా, చుక్కల గాఢతల మధ్య గల గణిత సంబంధాల నుంచే పోయిన దశలను రాబట్టి 1968లో రెసర్పిన్ రూపాన్ని ప్రకటించారు. ఈ పద్ధతికి 1985లో నోబెల్ బహుమతి జెరోంకు, హాప్ట్‌మన్‌కు వచ్చింది. ఆ గణితాన్ని నిజమైన స్ఫటికాల మీద నడిపి చూపిన ఇసబెల్లాకు రాలేదు. ఆడపిల్లల చదువులకు సాయం చేస్తున్న మన దాతలకు ఆమె పేరు తెలిసి ఉండాలి.

అప్పటికే రసాయనవేత్తలు దాని నిర్మాణం తేల్చారు, వుడ్‌వర్డ్ 1956లో ప్రయోగశాలలో తయారుచేశారు కూడా. మరి స్ఫటికం కొత్తగా చెప్పిందేమిటి? పరమాణువుల మధ్య దూరాలు, కోణాలు, ఏ వలయం ఎటు వంగి ఉందీ కళ్ళకు కట్టింది. ఇది చిన్న విషయం కాదు. రెసర్పిన్‌లో కుడిఎడమల తేడా వచ్చే చోట్లు ఆరు, అంటే 64 రూపాలకు అవకాశం. మూడో నంబరు కార్బన్ మీది హైడ్రోజన్ ఒక్కటి ఇటునుంచి అటు తిరిగితే అది ఐసోరెసర్పిన్. పరమాణువుల లెక్క అదే, కాని రెసర్పిన్‌లా పనిచేయదు. తాళంచెవికి ఒక పన్ను అటుదిటు అయినట్టు.

ఇక వేరు పొడి సంగతి. రెసర్పిన్ నరాల చివర నిల్వ ఉండే రసాయనాలను ఖాళీ చేస్తుంది. అందుకే బీపీ తగ్గుతుంది, అందుకే కొందరిలో దిగులు కూడా ముదురుతుంది. రోజుకు పావు మిల్లీగ్రామే పెద్ద మోతాదు. అజ్మలిన్ దారి వేరు, అది గుండె లయ మీద పనిచేస్తుంది. యూరప్ ఆసుపత్రుల్లో దాగి ఉన్న ఒక గుండె జబ్బును బయటపెట్టడానికి, ఈసీజీ చూస్తూ, దాన్ని సూదిమందుగా ఇస్తారు. ఈ రెండూ ఒకే వేరులో ఉన్నాయి. చెంచాడు పొడిలో ఏది ఎంత ఉందో నేలను బట్టి, మొక్క వయసును బట్టి మారుతుంది. బీపీ మాత్రలు మింగుతూ పైన ఈ పొడి వాడేవారు ఆ మాట డాక్టరుకూ, హకీం సాహెబ్‌కూ ఇద్దరికీ చెప్పి తీరాలి. దిగులు జబ్బు ఉన్నవారు దాన్ని తాకనే కూడదు.

ఇంకో మాట. అడవుల్లో సర్పగంధ తరిగిపోయి, దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు వచ్చాయి. బజారులో దాని పేరుతో వేరే జాతి మొక్కల వేళ్ళు కలిపి అమ్ముతున్నారు. పొడి అసలుదా కాదా అని తేల్చేటప్పుడు ప్రయోగశాలలో పక్కన పెట్టి పోల్చేది శుద్ధమైన రెసర్పిన్ స్ఫటికాలతోనే.