పసరు తాగారా? ఆ గడి నింపేవాళ్లు కావాలి

వానాకాలంలో జ్వరంతో భద్రాచలం ఏరియా ఆస్పత్రికి వచ్చేవాళ్లందరూ నేరుగా రారు. దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల నుంచో, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచో బయల్దేరేముందే కొందరు ఊళ్లో నాటువైద్యుడిచ్చిన పసరు తాగి ఉంటారు. ఇక్కడ రక్తపరీక్ష చేసి, మలేరియా అని తేలితే మాత్రలిస్తారు. రెండు వైద్యాలూ ఒకే ఒంట్లో కలుస్తాయి. అడిగి రాసుకోకపోతే మాత్రం కేస్‌షీట్‌లో ఒక్కటే కనిపిస్తుంది. మీరు బీటెక్, బీఫార్మసీ, బీఎస్సీ ఏది చదువుతున్నా సరే, ఆ రెండోది రాసే పనిలో మీకూ చోటుంది.

ముందు ఆ మాత్ర సంగతే చూద్దాం. ఫాల్సిపేరం మలేరియాకు ఇచ్చే ఏసీటీ చికిత్సలో ఆర్టిసునేట్ ఉంటుంది. దాని మూలం చైనా సంప్రదాయ వైద్యంలో వాడే ఆర్టెమీసియా ఆనువా అనే మొక్క. 1967 మే 23న చైనా రహస్యంగా మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ 523’లో తు యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్య గ్రంథాలు తిరగేశారు. నాలుగో శతాబ్దపు గే హోంగ్ పుస్తకంలో ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. మరిగించమని లేదు. అంటే మన భాషలో పసరే! వేడికి మందుగుణం పోతోందేమోనన్న అనుమానంతో 1971లో ఆవిడ తక్కువ వేడి దగ్గర ఈథర్‌తో సారం తీశారు. అది పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది.

అలాగని ఆ ఆకుతో టీ కాచుకుని తాగితే మలేరియా తగ్గుతుందనుకోవద్దు. ఆకులో మందు ఎంతుందో లెక్క ఉండదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సమర్థించదు. ఆర్టిసునేట్ మాత్రనైనా ఒంటరిగా వాడితే క్రిమి నిరోధకత తెచ్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి మరో మందుతో కలిపే ఇస్తారు.

కలపడం వికటించిన కథా ఉంది. 1990ల మొదట్లో బెల్జియంలోని ఒక క్లినిక్‌లో బరువు తగ్గడానికి అల్లోపతి మందులతోపాటు చైనా మూలికలూ ఇచ్చారు. ఒక మూలిక బదులు పొరపాటున అరిస్టలోకియా జాతి మొక్క వచ్చి చేరింది. సుమారు వందమంది మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. మన ఈశ్వరి మొక్కదీ అదే జాతి. దాని వేరును నాటువైద్యంలో పాముకాటుకు వాడతారు. రక్తపింజర విషమూ కిడ్నీలనే దెబ్బతీస్తుంది. ఈశ్వరి వేరు తిని వచ్చినవాడికి కిడ్నీ పాడైతే కారణం విషమా, వేరా? షుగర్ మాత్రలకు తోడు పొడపత్రి ఆకు నమిలేవాళ్లకు షుగర్ మరీ పడిపోవచ్చు. చెప్పకపోతే డాక్టరుకెలా తెలుస్తుంది?

ఇక్కడే మన సాఫ్ట్‌వేర్ బుర్ర పనికొస్తుంది. జబ్బులకు ప్రపంచమంతా వాడే కోడ్‌ల జాబితా ఐసీడీ-11. అందులో ఫాల్సిపేరం మలేరియా కోడ్ 1ఎఫ్40. 26వ అధ్యాయంలో మొదట చైనా మూలమున్న సంప్రదాయ వైద్యపు పదాలే ఉండేవి. 2024 జనవరి 10న ఢిల్లీలో ఆయుర్వేదం, సిద్ధ, యునానీల కోసం రెండో మాడ్యూల్ విడుదలైంది. మన ఆయుష్ పదాలకు ‘నమస్తే’ పోర్టల్‌లో వేరే కోడ్‌లున్నాయి. వీటన్నిటినీ ఒకే రోగి రికార్డులో కలపాలంటే కోడ్‌లను జతచేసేవాళ్లు, ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో డేటా పంపేవాళ్లు కావాలి. ఐసీడీ-11 బ్రౌజర్, ఏపీఐ రెండూ ఉచితం. వేలకు వేలు కోర్సు ఫీజు కట్టేముందు ఒక వారాంతం వాటితో గడపండి. కోడ్‌ల పని మీకు నచ్చుతుందో లేదో అప్పుడే తేలిపోతుంది.

ఫార్మసీ వాళ్లకు దారి వేరు. మందుల దుష్ఫలితాలు నమోదుచేసే ఫార్మకోవిజిలెన్స్‌లో ఆయుష్ మందులకు ప్రత్యేక జాతీయ కార్యక్రమమే ఉంది. దాని సమన్వయ కేంద్రం ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ. మొక్కల మందులపై ఆసక్తి ఉంటే ఎంఫార్మసీలో ఫార్మకాగ్నసీ చూడండి.

అయితే కోడ్ ఉన్నంత మాత్రాన అడవి మందు రికార్డులోకి ఎక్కదు. ఊరి నాటువైద్యుడు ఆయుర్వేద డాక్టర్ కాదు, ఆయన మొక్క పేరు కోయభాషలో ఉంటుంది. ఫైనలియర్ ప్రాజెక్టుకు పాత హాజరు యాప్‌నే మళ్లీ చేయకుండా, ఓపీలో నర్సు అర నిమిషంలో నింపగల చిన్న ఫారం తయారుచేయండి. జ్వరం ఎన్ని రోజులు, ముందు ఏం తాగారు, ఏం పూశారు, ఆకు తెచ్చారా అని కోయలో వినిపించే బటన్ పెట్టండి. ఆ గొంతు కోయ మాట్లాడేవాళ్లదే అయ్యుండాలి. ఆకుకు ఫొటో తీసే వీలుండాలి, సిగ్నల్ లేకపోయినా పనిచేయాలి. మొక్క పేరు దగ్గర ‘తెలియదు’ అన్న జవాబూ ఉంచండి. లేకపోతే నర్సు ఏదో ఒకటి నొక్కేస్తుంది.