ఇల్లు కొనే ముందు నీటి కాఠిన్యత పరీక్ష: సాఫ్ట్‌నర్ ఎంపిక, పెరటి నేల సంరక్షణ

ఇల్లు కొనేవారు దస్తావేజులను, వాస్తును, గోడల పగుళ్లను పరిశీలించినంత శ్రద్ధగా బోరు నీటిని పరిశీలించరు. ఇంట్లో చేరిన కొన్ని నెలలకు కుళాయిలపై తెల్లని పొర పేరుకొంటుంది, గీజర్ వేడెక్కడం తగ్గుతుంది, సబ్బు నురగ రాదు, పప్పు త్వరగా ఉడకదు. అప్పుడు ఇంటి మొత్తానికి ఒక సాఫ్ట్‌నర్ అమర్చుకొంటారు. కుళాయిల సమస్య తీరుతుంది గాని, అదే నీరు పారిన పెరటి తోటలో మరొక సమస్య మొదలవుతుంది. నీటి నమూనాలతో, మొక్కల సమస్యలతో మన ప్రయోగశాలలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు వచ్చేవారికి ఈ రెండింటి సంబంధాన్ని వివరించవలసిన అవసరం ఉన్నది.

కాఠిన్యత – పరిమితులు

నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల వలన కాఠిన్యత ఏర్పడుతుంది. బైకార్బొనేట్ల వలన కలిగే తాత్కాలిక కాఠిన్యత మరిగించినప్పుడు తగ్గుతుంది. గీజర్‌లో పేరుకొనే పొర ఇదే. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలిగే శాశ్వత కాఠిన్యత మరిగించినా పోదు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500:2012 ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యత, కాల్షియం కార్బొనేట్ రూపంలో, లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 మి.గ్రా. వరకు అనుమతించవచ్చు.

సాగునీటి నివేదికతోనే కాఠిన్యత

సాగునీటి విశ్లేషణ నివేదికలో కాల్షియం, మెగ్నీషియం విలువలను లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో ఇస్తారు. ఆ రెండింటి మొత్తాన్ని 50తో గుణిస్తే కాఠిన్యత మి.గ్రా.లలో లభిస్తుంది. ఉదాహరణకు మొత్తం 10 అయితే కాఠిన్యత 500 మి.గ్రా. అంగళ్లలో చూపే టి.డి.ఎస్. మీటరు మాత్రం కాఠిన్యతను తెలుపదు. అది అన్ని లవణాలను కలిపి అంచనా వేస్తుంది. సాఫ్ట్‌నర్ గుండా వెళ్లిన నీటిలో కూడా ఆ విలువ దాదాపు మారదు.

సాఫ్ట్‌నర్‌లో జరిగేది

సాఫ్ట్‌నర్‌లోని రెజిన్ గుళికలు నీటిలోని ఒక్కొక్క కాల్షియం లేదా మెగ్నీషియం అయానును గ్రహించి, దానికి బదులుగా రెండు సోడియం అయాన్లను విడుదల చేస్తాయి. అంటే లవణం తొలగిపోదు, దాని స్వభావం మాత్రమే మారుతుంది. ప్రతి 100 మి.గ్రా. కాఠిన్యత తగ్గినప్పుడు లీటరు నీటిలో 46 మి.గ్రా. సోడియం చేరుతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్‌లను ఈ రెజిన్ తొలగించదు. కావున ఫ్లోరైడ్ సమస్య ఉన్న ప్రాంతాలలో సాఫ్ట్‌నర్ ఉన్నదని ఆ నీటిని తాగడం సరికాదు.

నేలపై ప్రభావం: ఒక లెక్క

కాల్షియం, మెగ్నీషియం మొత్తం 10, సోడియం 4, బైకార్బొనేట్ 6 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండి, కార్బొనేట్లు లేని బోరు నీటిని తీసుకొందాం. దాని కాఠిన్యతను సాఫ్ట్‌నర్ 500 నుండి 50 మి.గ్రా.కు తగ్గించిందనుకొందాం. అప్పుడు కాల్షియం, మెగ్నీషియం మొత్తం 1కి తగ్గి, సోడియం 13కు పెరుగుతుంది.

• సోడియం అధిశోషణ నిష్పత్తి: ముందు 1.8, తరువాత 18.4.
• అవశేష సోడియం కార్బొనేట్: ముందు రుణాత్మకం (–4), తరువాత 5.

అవశేష సోడియం కార్బొనేట్ 2.5 దాటిన నీరు సాగుకు పనికిరాదని మనం రైతులకు చెబుతాము. కాఠిన్యత కలిగి ఇంటికి ఇబ్బంది కలిగించిన నీరే, సోడియం దృష్ట్యా నేలకు ఎంతో మేలైనదని ఈ లెక్క తెలుపుతున్నది. మృదువుగా మారిన నీటిని ఎడతెగక పెడితే బంకమట్టి కణాలు విడిపోయి, నేల పైపొర గట్టిపడి, నీరు ఇంకక, క్రమంగా కారు చౌడు లక్షణాలు కనిపిస్తాయి. కుండీలలో మట్టి కొద్దిగానే ఉంటుంది గనుక నష్టం మరింత త్వరగా బయటపడుతుంది.

వదిలివేసే ఉప్పు నీరు

రెజిన్‌ను తిరిగి పనిచేయించడానికి ఉప్పు ద్రావణంతో కడగాలి. తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురి కుటుంబానికి 540 లీటర్లు అవసరం. పై ఉదాహరణలోని నీటిలో ఇది 243 గ్రా. కాఠిన్యతను తొలగించడంతో సమానం. దీనికి సిద్ధాంతరీత్యా 284 గ్రా. ఉప్పు చాలు, ఆచరణలో దానికి రెట్టింపు పడుతుందనుకొంటే నెలకు సుమారు 17 కిలోలు. స్నానానికి, బట్టలకు వాడే 300 లీటర్లను మాత్రమే శుద్ధి చేస్తే ఇది తొమ్మిదిన్నర కిలోలకు తగ్గుతుంది. ఇంకుడు గుంతలోకి వదిలిన ఆ ఉప్పు చివరకు చేరేది మన బోరు, పొరుగువారి బోరు ఆధారపడిన భూగర్భ జలంలోకే.

కొనే ముందు పాటించవలసినవి

1. నమూనాను ట్యాంకు నుండి గాక బోరు నుండే తీసుకోవాలి. సంపులో పురపాలక నీరు లేదా ట్యాంకరు నీరు కలిస్తే అసలు కాఠిన్యత బయటపడదు. మోటారును కనీసం 15 నిమిషాలు నడిపిన తరువాత శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టాలి.
2. ఇంట్లో ఇప్పటికే సాఫ్ట్‌నర్ ఉంటే దానికి ముందు, తరువాత విడివిడిగా నమూనాలు తీయాలి.
3. కాఠిన్యతతో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్, సోడియం, బైకార్బొనేట్ విలువలను కూడా పరీక్షించాలి. వేసవిలో మరొకసారి పరీక్షించడం మంచిది.
4. పైపులైన్లు వేరుగా ఉన్నాయో లేదో చూడాలి. స్నానపు గది, గీజర్, బట్టలు ఉతికే యంత్రానికి మాత్రమే మృదు జలం వెళ్లాలి. తోటకు, మరుగుదొడ్డికి బోరు నీరే చాలు. గోడలు పూర్తయిన తరువాత ఈ మార్పు ఖర్చుతో కూడిన పని కనుక దీనిని బేరం కుదరక ముందే తేల్చుకోవాలి.
5. సాఫ్ట్‌నర్ వదిలే ఉప్పు నీటిని మురుగు కాలువలోకి పంపే మార్గం ఉండాలి. దానిని పాదులలోకి గాని, ఇంకుడు గుంతలోకి గాని మళ్లించరాదు.
6. అయస్కాంత, ఎలక్ట్రానిక్ పరికరాలు కాల్షియంను తొలగించవు. వాటిని సాఫ్ట్‌నర్‌గా భావించరాదు.

ఇప్పటికే మృదు జలం పెట్టిన పెరడులో ముందుగా ఆ నీటిని నిలిపివేసి, మట్టి పరీక్ష ఆధారంగా జిప్సం వేసి, మురుగు సౌకర్యం కల్పించి, వాన నీటితో గాని మంచి నీటితో గాని లవణాలను కిందికి దించాలి.

ముగింపు

కాఠిన్యత 200 మి.గ్రా. లోపు ఉన్న ఇంటికి సాధారణంగా సాఫ్ట్‌నర్ అవసరం ఉండదు. అంతకు మించినప్పుడు ఇంటి మొత్తానికి గాక అవసరమైన పైపులకే దానిని పరిమితం చేయడం ఉత్తమం. మంచి నీరు అనే మాటకు గీజర్‌కు ఒక అర్థం, నేలకు మరొక అర్థం ఉన్నది. ఇల్లు కొనే కుటుంబానికి సలహా ఇచ్చేటప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు ఈ రెండు అర్థాలను ఒకే నివేదికలో చూపగలిగితే, ఆ కుటుంబం పెట్టే ఖర్చు తగ్గుతుంది, పెరడు నిలుస్తుంది.