సన్నాయి వాయించేది ఎవరు?

పెళ్లికి ఏమేమి కావాలి? పందిరి కావాలి. మామిడాకుల తోరణాలు కావాలి. తాళిబొట్టు, తలంబ్రాలు కావాలి. ఇవన్నీ ఉన్నా మేళం లేకపోతే పెళ్లికి కళ రాదు. సన్నాయి, డోలు కలిస్తేనే మేళం.

కనిగిరి వైపు ఏ ఊళ్లో పెళ్లయినా చూడండి. ముహూర్తం దగ్గర పడుతుంది. పురోహితుడు చేయి ఎత్తి సైగ చేస్తాడు. వెంటనే గట్టిమేళం మోగుతుంది. కబుర్లు ఆగిపోతాయి. వంటల దగ్గర ఉన్న ఆడవాళ్లు కూడా గబగబా వస్తారు. అందరి చేతుల్లో అక్షింతలు ఉంటాయి. అందరి చూపూ పెళ్లికూతురి మెడ మీదే ఉంటుంది.

ఆ సమయంలో సన్నాయి వాయించేది ఎవరు? నాయీబ్రాహ్మణులు ఈ విద్యలో పేరు పొందినవాళ్లు. వాళ్లతో పాటు ముస్లింలు కూడా ఉన్నారు. గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో తరతరాలుగా సన్నాయి వాయించే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ఈ సన్నాయినే పెద్ద కచేరీల్లో నాదస్వరం అంటారు.

దూదేకులవాళ్ల సంగతి మీకు తెలుసు. వాళ్లు ముస్లింలు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. దూదిని ఏకి, పరుపులు, దిండ్లు కుట్టడం వాళ్ల పాత వృత్తి. అందుకే ఆ పేరు వచ్చింది. వాళ్లలోనూ సన్నాయి వాయించేవాళ్లు ఉన్నారు. ఇంట్లో నమాజు చేసుకుంటారు. గుడిలో దేవుడి పెళ్లికి సన్నాయి వాయిస్తారు. రెండూ వాళ్లకు భక్తే.

కరవది నుంచి శ్రీరంగానికి

ఒంగోలు దగ్గర కరవది అనే ఊరు ఉంది. అక్కడ 1924లో షేక్ చినమౌలానా పుట్టారు. మొదట తండ్రి దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అంతటితో ఆగలేదు. తమిళనాడు వెళ్లి నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర తంజావూరు పద్ధతి కూడా నేర్చారు.

అక్కడి భాష వేరు. ఆయన మతం వేరు. అయినా గురువులు విద్య చెప్పారు. ఆయన శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. రంగనాథస్వామి సన్నిధిలో నాదస్వరం వాయించారు. పిల్లలకు నేర్పడానికి ఒక ఆశ్రమం పెట్టారు. దానికి శారదా నాదస్వర సంగీత ఆశ్రమం అని పేరు పెట్టారు. శారద అంటే సరస్వతి, చదువుల తల్లి.

ప్రభుత్వం 1977లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. మద్రాసు సంగీత అకాడమీ 1998లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయన 1999లో చనిపోయారు.

భద్రాచలంలో షేక్ హసన్ సాహెబ్ కూడా అలాంటివారే. ఆయన ఏళ్ల తరబడి రాములవారి గుడిలో నాదస్వరం వాయించారు. చనిపోయిన తర్వాత, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆడవాళ్లు వాయించగలరా?

నాదస్వరం ఊదడం తేలిక కాదు. అది పొడుగాటి వాయిద్యం. మూతి దగ్గర చిన్న పీక ఉంటుంది. ఊపిరి బిగబట్టి ఊదాలి. గంటల తరబడి ఊదాలి. అందుకని ఇది మగవాళ్ల పని అనుకునేవారు.

కాలీషాబీ ఆ మాటను పక్కకు నెట్టారు. ఆమె తెలుగు ముస్లిం కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి దగ్గర నాదస్వరం పట్టారు. తర్వాత భర్త షేక్ మహబూబ్ సుబానీతో కలిసి చినమౌలానా దగ్గర నేర్చుకున్నారు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని కచేరీలు చేశారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. మతం అడ్డు కాలేదు. ఆడమనిషి కావడం కూడా అడ్డు కాలేదు.

పాట ఎలా కలుపుతుంది?

మాట అర్థం కావాలంటే భాష తెలియాలి. రాగానికి ఆ ఇబ్బంది లేదు. ఏడ్చే బిడ్డకు జోల పాడండి. ఏ భాషలో పాడినా బిడ్డ నిద్రపోతుంది.

తాళం కూడా అంతే. పదిమంది ఒకే దరువు వింటే పది జతల కాళ్లూ ఒకేసారి కదులుతాయి. పీర్ల పండుగ ముస్లింలది. అయినా డప్పు మోగితే ఊరంతా కదులుతుంది. హిందువులు కూడా పీర్లకు మొక్కుకుంటారు.

కనిగిరి మెట్ట ప్రాంతం. ఇక్కడ పనులు దొరకనప్పుడు చాలామంది గుంటూరు వైపు మిరప కోతలకు వెళతారు. చేలో వరుసగా నిలబడితే ఏ ఊరో, ఏ కులమో తెలియదు. ఒకామె పాట ఎత్తుకుంటుంది. మిగిలినవాళ్లు అందుకుంటారు. సాయంత్రానికి వాళ్లు ఒకరికొకరు అక్కాచెల్లెళ్లవుతారు.

మేళం ఆగిన తర్వాత

ఇక్కడ ఒక సంగతి ఆలోచించాలి. గట్టిమేళం మోగినంతసేపు అందరం ఒకటే. మేళం ఆగిన తర్వాత? సన్నాయి వాయించిన మనిషిని మనతో పాటు బంతిలో కూర్చోబెడుతున్నామా? డప్పు కొట్టి పండుగ చేసిన మనిషిని ఎన్నో ఊళ్లలో దూరంగా నిలబెట్టారు. దరువు కావాలి, మనిషి వద్దంటే ఎలా?

పాట మనుషులను దగ్గరకు తెస్తుంది. దగ్గరకు వచ్చినవాళ్లను కలుపుకోవలసింది మనమే.

ఇంకో సంగతి. ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో రికార్డు పాటలు పెడుతున్నారు. మేళం వాళ్లకు పిలుపులు తగ్గుతున్నాయి. ముహూర్తాలు ఉన్న నెలల్లోనే వాళ్లకు పని. పని లేకపోతే పిల్లలకు ఈ విద్య నేర్పరు. నేర్పకపోతే ఆ విద్య పోతుంది. దానితో పాటు, హిందువుల పెళ్లిలో ముస్లిం దీవెన కూడా పోతుంది.

మీ ఇంట్లో శుభకార్యం ఉంటే మేళం వాళ్లను పిలవండి. బేరం ఆడి తగ్గించకండి. వాళ్లకు మర్యాదగా భోజనం పెట్టండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో మేళం వాయించేవాళ్లు ఎవరు? వాళ్ల పిల్లలు నేర్చుకుంటున్నారా?
2. పొలం పనుల్లో మీరు పాడే పాటలు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?
3. వేరే మతం వాళ్ల పండుగకు మీరు ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ ఏ పాట విన్నారు?
4. మీకు నచ్చిన ఒక పాటను మీ చేత్తో నోటు పుస్తకంలో రాయండి. పక్కామెకు చదివి వినిపించండి.